ఆషాఢం గోరింటాకు నుంచి సంక్రాంతి దాకా: మా ఇంటి గోళ్ల డైరీ

జూన్ 29, 2025, ఆదివారం

తణుకులో మాకు చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే పదకొండింటికి కట్టేస్తాం. పెనం దగ్గర ఆయన ఉంటారు. పిండి, చట్నీలు, పార్సిళ్లు నావి. అంట్లు తోమడానికి ఒక అక్క వస్తుంది.

ఏడాదిలో నా కుడిచేతి నడిమి వేలికి మూడుసార్లు గోరుచుట్టు లేచింది. మూడోసారి మాత్రం నీళ్ల వల్ల కాదు. మేనకోడలి పెళ్లికి వెళ్లే ముందు పార్లర్‌లో గోళ్లు చేయించుకున్నాను. అక్కడి అమ్మాయి గోటి మొదట్లో ఉండే పల్చటి తోలును వెనక్కి నెట్టి, చిన్న కత్తెరతో శుభ్రంగా కత్తిరించింది. చూడటానికి బాగానే ఉంది. నాలుగో రోజుకి వేలు ఎర్రగా ఉబ్బి, రాత్రంతా సలుపు. చీము తీయించుకోవాల్సి వచ్చింది.

అప్పుడు స్కిన్ డాక్టరు గారు చెప్పిన మాటతోనే ఈ డైరీ మొదలుపెడుతున్నాను. ఆ పల్చటి తోలు మురికి కాదు, గోటికీ చర్మానికీ మధ్య ఉన్న సీలు. సింకు అంచున పూసే తెల్ల సిమెంటు ఊడిపోతే నీళ్లు గోడలోకి దిగినట్టే, అది పోతే సబ్బునీళ్లు, సూక్ష్మజీవులు నేరుగా గోటి కిందికి దిగుతాయి. ఒక్కసారిగా చీము పడితే ఎక్కువగా బ్యాక్టీరియా పని. నెలల తరబడి వేలు ఉబ్బే ఉంటే మూలం తడి, సబ్బు ఒరిపిడి. ఫంగస్ ఆ తర్వాత వచ్చి చేరుతుంది.

నిన్న పిండి గది తలుపు మీద, చెయ్యి తడిసిన ప్రతిసారీ సుద్దముక్కతో ఒక గీత పెట్టాను. కొట్టు కట్టేసే సరికి 83 గీతలు. అందులో పొడిగుడ్డతో పూర్తిగా తుడుచుకున్నది ఎన్నిసార్లో గుర్తు చేసుకుంటే పది కూడా లేవు. మిగతావన్నీ చీర కొంగుకో, గాలికో వదిలేసినవే.

ఈ సాయంత్రం అందరం గోరింటాకు పెట్టుకున్నాం. ఆకు కోసి, కాస్త చింతపండు వేసి రుబ్బిందే. నల్లగా పండుతుందని అమ్మే కోన్‌లు మా ఇంట్లోకి రానివ్వం. వాటిలో జుట్టుకు వేసే రంగు రసాయనం కలుపుతారు, కొందరికి చర్మం బొబ్బలెక్కుతుంది. బాగోలేని నడిమి వేలినీ, అత్తయ్య గారి కాలి బొటనవేళ్లనీ వదిలేశాం. రంగు పండితే కింద ఏం జరుగుతోందో కనపడదు.

ఈ గోరింటాకుతో నాకు ఇంకో పని ఉంది. చర్మం మీది ఎరుపు రెండు మూడు వారాల్లో పోతుంది కానీ గోటి మీద పండింది పోదు. గోరు పెరుగుతూ దాన్ని ముందుకు మోసుకుపోతుంది. మొదట్లో తెల్లగా బయటపడే నెలవంకను కొలిస్తే గోరు ఎంత పెరిగిందో తెలుస్తుంది. మావాడి జామెట్రీ బాక్సులోంచి స్కేలు తీసి పక్కన పెట్టుకున్నాను.

జూలై 6

గ్లౌజుల విషయంలో తప్పు చేశాను. దళసరి రబ్బరు గ్లౌజులు తెచ్చి ఒక జత నాకు, ఒక జత అక్కకి ఇచ్చాను. గంటన్నర ఏకధాటిగా వేసుకుని తీస్తే వేళ్లు నాని ముడతలు పడి, బయటి నీళ్లలో ఉన్నప్పటికంటే అన్యాయంగా ఉన్నాయి. రబ్బరు బయటి నీటిని ఆపుతుంది, లోపలి చెమటనూ ఆపుతుంది.

మెడికల్ షాపులో దొరికే పల్చటి నూలు గ్లౌజులు లోపల వేసుకుని, పైన రబ్బరువి వేసుకున్నాం. ఇరవై నిమిషాలకోసారి తీయడం, నూలువి తడిస్తే మార్చడం. ఆరు జతలు తీసుకున్నాను, రోజూ ఉతికి డాబా మీద ఆరేస్తాం. రబ్బరువి తిరగేసి తీగకు వేలాడదీయకపోతే రెండో రోజుకే లోపల వాసన.

అక్క చేతులు ఇవాళే దగ్గరగా చూశాను. పదేళ్ల నుంచి అంట్లు తోముతోంది. పది వేళ్లకీ గోటి మొదట్లో ఆ సీలు లేదు. చర్మం గుండ్రంగా ఉబ్బి, గోటికి అంటుకోకుండా చిన్న సందుతో నిలబడి ఉంది. రెండు గోళ్ల మీద అడ్డంగా మెట్లు మెట్లుగా గాడులు. "పని చేసే చేతులు చెల్లెమ్మా, ఇలాగే ఉంటాయి" అంది. ఆ మాట నాకు అస్సలు నచ్చలేదు. తడి పని మా కొట్టుది, ఆ చేతుల బాధ్యత కూడా మాదే.

రేపటి నుంచి తోమడం మొత్తం అక్క మీదే ఉండదు. ఇరవై నిమిషాలు అక్క, ఇరవై నిమిషాలు నేను. తోమనివాళ్లు పార్సిళ్లు కట్టడం, బల్లలు సర్దడం. ఎంగిలి ప్లేట్లు ముందు తొట్టెలో నానేస్తే పీచు పెట్టి రుద్దే పనీ తగ్గుతుంది.

జూలై 13

మొదటి కొలత. చూపుడు వేలికి తెల్ల నెలవంక ఒకటిన్నర మిల్లీమీటర్లు. ఫోనులో పెద్దది చేసి చూస్తే గానీ స్కేలు గీతలు ఆనలేదు. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుందన్న లెక్కకు సరిపోయింది. కాలి గోరు అందులో సగం, ఒక్కోసారి ఇంకా తక్కువ. అంటే చేతి గోరు పూర్తిగా కొత్తది రావడానికి దాదాపు ఆరు నెలలు, కాలి బొటనవేలికి ఏడాది నుంచి ఏడాదిన్నర. నెల రోజులు మందు రాసి "తగ్గలేదు" అని మానేసేవాళ్లకి ఈ లెక్క ముందే తెలిసి ఉంటే బాగుండేది.

ఇదే లెక్కతో నా నడిమి వేలు చూశాను. దాని మీద అడ్డగాడి మొదలు నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలో ఉంది. వెనక్కి లెక్కిస్తే రెండున్నర నెలలు దాటింది, అంటే ఏప్రిల్. ఆ పెళ్లి నెలే.

జూలై 20

ఇవాళంతా అత్తయ్య గారి పాదాలతోనే గడిచింది. ఆవిడకి 68 ఏళ్లు, షుగర్ వచ్చి పద్నాలుగేళ్లు. గోళ్లు తీసుకోవడానికి ఇప్పటికీ బ్లేడే వాడతారు. బొటనవేలి మూలల్లోకి లోతుగా దించి గుండ్రంగా తీస్తారు. మూల తీసేస్తే గుచ్చుకోదని ఆవిడ నమ్మకం. జరిగేది దానికి తలకిందులు. మూలలో మిగిలిపోయిన చిన్న పెచ్చు పెరుగుతూ పక్క కండలోకి దిగుతుంది. కాలి గోరు అడ్డంగా, తిన్నగా తీయాలి. వేలి చివరకి సమానంగా ఉంచాలి, మరీ లోపలికి పోకూడదు. పదునైన మూలను ఆకురాయితో కాస్త మొద్దు చేస్తే చాలు.

బ్లేడు తీసుకుని దాచేశాను. "మంగళవారం, శుక్రవారం వద్దు, దీపాలు పెట్టాక అసలే వద్దు అమ్మాయ్" అన్నారు. సరే అన్నాను. ఆదివారం పదకొండు దాటాక, వరండాలో మంచి వెలుతురులో, స్నానం చేసి గోరు మెత్తబడ్డాక తీయాలని ఒప్పందం. చీకట్లో గోళ్లు తీయకూడదన్న పెద్దల మాట షుగర్ ఉన్నవాళ్ల విషయంలో అక్షరాలా సరైనది.

వేళ్ల సందులు చూద్దామని వంగితే, ఎడమ కాలి నాలుగో వేలి పక్కన చర్మం తెల్లగా నాని పాసిపోయి ఉంది. అరికాల్లో చిన్న ముల్లు ముక్క కూడా దొరికింది. ఎప్పుడు దిగిందో ఆవిడకి తెలియదు. నొప్పే తెలియలేదట. నాకు ఒళ్లు జలదరించింది. షుగర్ వల్ల నరాల స్పర్శ తగ్గితే పోయేది కాపాడే ఆ నొప్పే.

అప్పటికప్పుడు కొన్ని పనులు మార్చాం. ఇంట్లో కూడా చెప్పులు. రోజూ రాత్రి పాదాలు చూడటం నా పని, నేను లేకపోతే చిన్న అద్దం నేల మీద పెట్టుకుని ఆవిడే చూసుకోవాలి. వేడి నీళ్లలో పాదాలు నానబెట్టడం బంద్. స్నానం నీళ్లు పాదంతో కాదు, మోచేత్తో చూడాలి. మడమలకి కొబ్బరి నూనె సరే, వేళ్ల సందుల్లో మాత్రం నూనె పెట్టకూడదు, అక్కడ పొడిగా ఉండాలి.

మెట్టెల దగ్గర పేచీ వచ్చింది. వాటి కిందే తడి నిలుస్తోంది. తీయమంటే ఆవిడ మొహం మాడిపోయింది, నేనూ మళ్లీ అడగలేదు. చుట్లు కాస్త వదులు చేసి, రోజూ స్నానం తర్వాత పైకి జరిపి కింద తుడుస్తున్నాం.

ఆగస్టు 3

పాసిన సందుకి ఆయన మెడికల్ షాపులో అడిగి ఒక ట్యూబు తెచ్చారు. మూడు రోజుల్లో దురద పోయింది. అందరం సంతోషించాం. పదో రోజుకి పాదం మీదికి గుండ్రంగా పాకింది. డాక్టరు గారు ట్యూబు చూసి, ఇందులో ఫంగస్ మందుతో పాటు గట్టి స్టెరాయిడ్ కలిసి ఉంది అన్నారు. స్టెరాయిడ్ దురదని అణిచేస్తుంది, కింద ఫంగస్ నిమ్మళంగా పెరుగుతుంది. ఇలాంటి కలగలుపు క్రీముల వల్ల మన దేశంలో తామర మొండికేస్తోందని చర్మవైద్యులు ఎన్నాళ్ల నుంచో మొత్తుకుంటున్నారు.

విచిత్రం ఏమిటంటే నా నడిమి వేలికి డాక్టరు గారు రాసిచ్చింది స్టెరాయిడ్ క్రీమే, కొద్ది రోజులకి. నాది ఒరిపిడి వల్ల వచ్చిన వాపు, అత్తయ్యది ఫంగస్. ఒకరికి పని చేసిన ట్యూబు ఇంకొకరికి చెరుపు చేసేది ఇందుకే.

అత్తయ్య బొటనవేళ్లు రెండూ పిప్పిగోళ్లలా ఉన్నాయి, దళసరిగా, పసుపుగా, గీరితే పొడి రాలేట్టు. అయినా డాక్టరు గారు చూడగానే మాత్రలు రాయలేదు. గోటి కింది పొడి, చిన్న ముక్క తీసి కె.ఓ.హెచ్. (పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం) పరీక్షకి పంపారు. ఆ ద్రావణంలో గోరు కరిగి, మైక్రోస్కోపు కింద ఫంగస్ దారాలు ఉంటే కనపడతాయి. సోరియాసిస్, పాత దెబ్బ, బిగుతు చెప్పులు కూడా గోటిని ఇలాగే చేస్తాయట. పరీక్షలో ఫంగస్ తేలింది. లివర్ పరీక్ష చేయించాక టెర్బినఫిన్ మాత్రలు 12 వారాలకి రాశారు. ఇవి సొంతంగా కొని వేసుకునే మాత్రలు కావు.

ఆగస్టు 8, వరలక్ష్మీ వ్రతం

పాదాలకి పసుపు రాసుకున్నాం. అత్తయ్య బొటనవేళ్లకి మాత్రం వద్దన్నాను. మొన్నటిదాకా ఆ పసుపు రంగు పసుపు వల్లేనని ఇంట్లో అందరం అనుకున్నాం, రెండేళ్లు అలా గడిచిపోయాయి. పసుపు మరక గోటి పైనే ఉంటుంది, వారంలో వెలిసిపోతుంది. రంగు లోపల్నుంచి కనపడుతూ, గోరు దళసరి అవుతూ ఉంటే అది పసుపు కాదు.

ఆగస్టు 17

మావాడి సంగతి. ఐదో తరగతి, గోళ్లు కొరుకుతాడు. పరీక్షల టెన్షన్‌లో మరీను. ఈ నెల స్కూల్లో నులిపురుగులకి ఆల్బెండజోల్ మాత్ర వేశారు. నులిపురుగు గుడ్లు గోళ్ల కింద దాక్కుని, కొరికినప్పుడు మళ్లీ కడుపులోకే పోతాయని వాడికి బొమ్మ గీసి చెప్పాను. వేపనూనె రాస్తే రెండు రోజులకి అలవాటు పడిపోయాడు. గోరు బాగా పొట్టిగా, నున్నగా ఉంచితే కొరకడానికి అంచు దొరకదు. అది పని చేస్తోంది. తిట్టడం మానేశాం.

గోళ్ల మీద తెల్ల చుక్కలు చూపించి కాల్షియం తక్కువా అని అడిగాడు. చిన్నప్పుడు మేం కొంగలు ఎగురుతుంటే గోళ్లు చూపించి పూలు వేయమని అడిగేవాళ్లం. ఆ పూలు కాల్షియం లోపం కాదు, ఎప్పుడో గోటి మొదట్లో తగిలిన చిన్న చిన్న దెబ్బల గుర్తులు. కొరికే పిల్లల్లో ఎక్కువగా కనపడేది అందుకే.

ఆగస్టు 31

చూపుడు వేలికి నెలవంక 6 మిల్లీమీటర్లు. కానీ ఇవాళ రాయాల్సింది అది కాదు.

చవితి రోజు ఉండ్రాళ్లు చేస్తుంటే ఎడమ ఉంగరపు వేలి పక్కన లేచిన తోలు చురుక్కుమంది. చేతులు పిండితో ఉన్నాయని పళ్లతో పీకేశాను. రెండు నెలలు అంత జాగ్రత్తగా ఉండి, ఒక్క క్షణంలో. మర్నాటికి సలుపు మొదలైంది. అదే చేతి మీద ఇడ్లీ పాత్ర మూత పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఏమిటో కళ్లకు నీళ్లతో అర్థమైంది.

అమ్మ ఫోనులో నిమ్మకాయకి కన్నం పెట్టి వేలికి తొడగమంది. చిన్నప్పుడు నాకూ తొడిగింది, చల్లగా హాయిగా ఉండేది. కానీ ఆ పులుపు తెగిన చర్మాన్ని ఇంకా మండిస్తుంది, చీముని బయటికి తీయదు. ఈసారి చేసింది ఇది: గోరువెచ్చని నీళ్లలో పదిహేను నిమిషాలు, రోజుకి నాలుగుసార్లు, ప్రతిసారీ బాగా తుడిచి పొడిగా ఉంచడం. కొట్టులో తడి పని పూర్తిగా మానేశాను, ఆయన, అక్క పంచుకున్నారు. మూడో రోజుకి వాపు దిగింది. చీము పడి తెల్లగా కనపడితే, ఎరుపు వేలి మీదికి పాకితే, జ్వరం వస్తే ఇంట్లో సూదితో పొడవకుండా డాక్టరు దగ్గరికి పోవాలి. షుగర్ ఉన్నవాళ్లు ఆ మూడు రోజులు కూడా ఆగకూడదు.

ఇప్పుడు నా జాకెట్టుకి పిన్నీసుతో బుల్లి నెయిల్ కట్టర్ వేలాడుతోంది. లేచిన తోలుని మొదట్లో కట్ చేయడానికి, పీకకుండా.

సెప్టెంబర్ 21

గ్యాస్ సిలిండర్ దొర్లి ఆయన కాలి బొటనవేలి మీద పడి నాలుగు వారాలైంది. గోటి కింద నల్లగా రక్తం గడ్డకట్టింది. రోజుకొక ఫోటో తీస్తున్నాను. నలుపుకీ గోటి మొదటికీ మధ్య మిల్లీమీటరుకి పైగా తెల్లటి కొత్త గోరు వచ్చింది. అంటే మచ్చ గోటితో పాటు ముందుకి జరుగుతోంది, దెబ్బ నలుపే. దెబ్బ తగలకుండా ఒకే గోటి మీద నిలువుగా నల్లగీత పుట్టి, వెడల్పు అవుతూ, పక్క చర్మానికి పాకితే మాత్రం ఆగకుండా చూపించాలి. అరుదైనా అది క్యాన్సర్ కావచ్చు. మన రంగు చర్మం వాళ్లకి చాలా గోళ్ల మీద సన్నటి గోధుమ గీతలు ఉండటం మామూలే, వాటికి భయపడక్కర్లేదు.

కొట్టులో నేల ఎప్పుడూ తడే. ఆయనకి రెండు జతల చెప్పులు కొన్నాం, ఒక రోజు వేసుకున్నది మర్నాడు ఎండలో.

నవంబర్ 9

కార్తీకం. చూపుడు వేలి చివర ఎరుపు సన్నటి అంచులా మిగిలితే ఇవాళ తీసేశాను. నాలుగు నెలల పదకొండు రోజులు.

నడిమి వేలి మీది అడ్డగాడి సెప్టెంబర్‌లోనే చివరికి వచ్చి పోయింది. గోటి మొదట్లో పల్చటి తోలు మళ్లీ అంటుకుంది. వెలుతురుకి పెట్టి చూస్తే సందు లేదు. జూలై నుంచి ఆ వేలు ఒక్కసారి కూడా లేవలేదు. రాత్రిళ్లు వేళ్లకి కొబ్బరి నూనె రాసి పడుకోవడం, పగలు ప్రతి తడికీ పొడిగుడ్డ. సుద్దగీతలు మళ్లీ పెట్టి చూస్తే 47.

అక్కకి పదింటిలో ఆరు వేళ్లకి సీలు తిరిగి వచ్చింది. మిగతా నాలుగూ కుడిచేతివి, పీచు పట్టుకునేవి. గ్లౌజులు వేసుకోమని నేను చెప్పక్కర్లేదు ఇప్పుడు, నూలువి ఆరకపోతే అక్కే నన్ను కేకేస్తోంది. ఇంటి దగ్గర కూడా ఒక జత కావాలంది, రెండు జతలు ఇచ్చాను.

అత్తయ్య మాత్రల కోర్సు అయిపోయింది. గోటి మొదట్లో 3 మిల్లీమీటర్ల మేర నున్నటి కొత్త గోరు. ముందు భాగం ఇంకా పసుపుగానే ఉంది. మందు పని చేయలేదని ఆవిడ దిగులు పడ్డారు. స్కేలు పెట్టి చూపించాను. పాడైన భాగం బాగవదు, పెరిగి బయటికి పోవాలి, అంతే.

జనవరి 11, 2026, ఆదివారం

పండగ పనులు మొదలయ్యాయి, అరిసెలకి బియ్యం నానుతున్నాయి. చలికి మడమలు పగుళ్లు. వాటి మీద వేరే రాయాలి.

నా కాలి బొటనవేలి మీద ఆషాఢం ఎరుపు ఇంకా సగం దాకా ఉంది. అత్తయ్యకి నున్నటి భాగం 5 మిల్లీమీటర్లకి వచ్చింది. వచ్చే ఆషాఢానికి గోరు మొత్తం రాకపోవచ్చు, ఆ సంగతి ఆవిడకి ఇప్పుడే చెప్పేశాను.

రాత్రి పిండి రుబ్బుతుంటే వరండాలోంచి పిలిచారు. వెళ్తే, ఒక చేతిలో అద్దం, ఇంకో చేతిలో టార్చి పట్టుకుని కుడికాలి సందు వెతుక్కుంటున్నారు. "ఇక్కడ తెల్లగా ఉందేమో చూడమ్మాయ్" అన్నారు. తుడిచి చూశాను. ముగ్గు పిండి.